తులసీదాస్ బలరాం: ఆటగాడి నుంచి గురువు దాకా



ఊపిరితిత్తుల జబ్బు మనిషిని ఎలా కుంగదీస్తుందో కోలారు బంగారు గనుల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. రాతి దుమ్ము పీల్చి పని మానుకున్న పెద్దలను మనం చూశాం. ఊపిరితిత్తుల జబ్బే ఒక గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడిని కూడా మైదానానికి దూరం చేసింది. ఆయనే తులసీదాస్ బలరాం.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టారు. పేద కుటుంబం. హైదరాబాద్ వెళ్ళి ఆడటానికి దారి ఖర్చులకే ఇబ్బంది. ఆయన ఆట చూసి ముచ్చటపడిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అద్దె సైకిలుకు డబ్బిచ్చి మరీ పిలిపించుకున్నారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన బలరాం, 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద చెరొక గోలు కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన మన జట్టులో ఉన్నారు.

మరుసటి ఏడాదే జబ్బు వల్ల ఆట ఆపవలసి వచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. అయినా బంతిని విడిచిపెట్టలేదు. కలకత్తాలో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు శిక్షణ ఇచ్చారు. కుర్రవాళ్ళకు ఆట నేర్పారు. గురువు దగ్గర పొందినదాన్ని ఇలా మరొకరికి అందించారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

పరుగెత్తలేని పాత ఆటగాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. సాయంత్రం పూట వారిని మైదానానికి పిలవండి. వారి కాళ్ళలో సత్తువ తగ్గినా, నేర్చిన విద్య ఎక్కడికీ పోదు.