దేగ్ కథ: సుత్తి, కొలిమి, కళాయి

మన ఇండ్లలో నిఖా జరిగినా, వలీమా జరిగినా, పోయినవారి పేర నలుగురికి అన్నం పెట్టినా ముందుగా కదిలేది దేగ్. ఎవరింట్లో ఉంది, ఎంత బియ్యం పడుతుంది, లోపల కళాయి ఉందా పోయిందా? ఈ మూడు సంగతులు తేలిన తరవాతే పెద్దలు మిగతా లెక్కలకు కూర్చునేవారు. వంటమనిషిని పిలిచేది కూడా ఆ తరవాతే. అయితే ఆ దేగ్‌ను సాగగొట్టిన చేతుల గురించి మాత్రం మనం తలచుకున్నది తక్కువ. ఇటువంటి సంచికలలో నవాబుల మీద, కవుల మీద వ్యాసాలు వస్తూనే ఉంటాయి, రావలసిందే. ఈసారి ఒక వంటపాత్ర గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే తప్పేమీ కాదనుకుంటున్నాము.

దేగ్ అన్నది పారసీకపు మాట. చిన్న దేగ్‌ను దేగ్చా అన్నారు. అదే తెలుగువారి నోట్లో డేగిశా, డేక్సా అయి, ఎవరి మతం ఏమిటని అడగకుండా అందరి వంటిండ్లలోనూ కూచుంది. కళాయి మాట ఇంకా దూరం నుంచి వచ్చింది. అరబ్బీలో తగరానికి ఖలయీ అని పేరు. మలయా తీరంలోని కలాహ్ అనే రేవు నుంచి మంచి తగరం వస్తుందని పాత అరబ్బు రచయితలు వ్రాసి ఉన్నారు. ఆ రేవు పేరే లోహానికి వచ్చిందంటారు. మన దేశంలో తగరం దొరికేది బహు స్వల్పం గనుక ఓడల మీద తూర్పు నుంచి రావలసిందే. ఇక బూరెలు వేయించే కళాయి ఉన్నదే, అది కడాయి అనే మాట మారి వచ్చింది. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

పూర్వం రేకు బజారులో దొరికే వస్తువు కాదు. రాగిని కరిగించి మందపాటి బిళ్ళగా పోసి, దానిని ఇద్దరు ముగ్గురు మనుషులు వంతులవారీగా సమ్మెటలతో కొట్టి రేకుగా సాగదీసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు మిల్లులలో తయారైన రేకులు ఓడల మీద వచ్చి దిగడంతో ఆ మొదటి చాకిరీ తగ్గిపోయింది. అసలు విద్య మాత్రం ఆ తరవాత పనిలో ఉన్నది.

రేకును గుండ్రంగా కత్తిరించి, నడుమనుంచి అంచువైపు వరసలు వరసలుగా కొట్టుకుంటూ వస్తే అది కొంచెం కొంచెంగా గిన్నె ఆకారంలోకి వంగుతుంది. సుత్తి దెబ్బకు రాగి ఒకచోట సాగుతుంది, మరొకచోట దగ్గరకు కూడుకుంటుంది. ఎక్కడ సాగాలి, ఎక్కడ కూడాలి అన్నది దెబ్బ వాటాన్ని బట్టీ, అడుగున ఉన్న ఇనుప దిమ్మ వంపును బట్టీ తేలుతుంది. అయితే రాగికి ఒక గుణమున్నది. కొట్టినకొద్దీ బిగుసుకుపోతుంది. మొదట మొద్దుగా పలికిన చప్పుడు రానురాను ఖంగుమని మోగుతుంది. అలా మోగిన తరవాత కూడా మొండిగా కొడితే అంచు చీలుతుంది. అప్పుడు దాన్ని కొలిమిలో పెట్టి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని కమ్మరి పని చూసినవారందరికీ తెలుసు. రాగి అలా కాదు, ముంచినా మెత్తగానే ఉంటుంది. పైగా కాల్చినప్పుడు పైన పట్టిన నల్లటి పెచ్చు నీళ్ళలో పడగానే రాలిపోతుంది. ఒక పెద్ద పాత్ర పూర్తయ్యేసరికి ఎన్నోసార్లు ఇలా కొలిమికీ దిమ్మకూ మధ్య తిరగవలసిందే. ఎప్పుడు ఆపాలో చెవే చెప్పాలి.

పెద్ద దేగ్‌ను ఒకే రేకులోంచి లాగడం కష్టం గనుక అడుగు వేరుగా, ఒళ్ళు వేరుగా చేసి అతికేవారు. ఒక అంచును పళ్ళు పళ్ళుగా కత్తిరించి, రెండో అంచును ఒక పన్ను పైన, ఒక పన్ను కింద వచ్చేలా వాటి మధ్యకు దూర్చి, సుత్తితో అణచి, వెలిగారంతో పాటు తేలికగా కరిగే ఇత్తడి పొడి వేసి కాల్చేవారు. రాగి కరగక మునుపే ఆ ఇత్తడి కరిగి సందుల్లోకి పారుతుంది. తరవాత ఆ అతుకును మళ్ళీ కొట్టి చదును చేస్తారు. పాత దేగ్ ఎవరింట్లోనైనా ఉంటే బూడిదతో తోమి చూడండి. ఎర్రటి రాగి మీద పసుపుపచ్చగా రంపపు పళ్ళవంటి గీత కనిపిస్తే అది చేతిపని అతుకే.

అంతా అయిన తరవాత నున్నటి మూతి ఉన్న సుత్తితో ఒళ్ళంతా దగ్గరదగ్గరగా సన్నటి దెబ్బలు వేస్తారు. ఈ చివరి వరసకు కొలిమి లేదు. ఎందుకంటే ఈ దెబ్బల వల్ల వచ్చిన బిగువు పాత్రలో అట్లాగే నిలిచిపోవాలి. బండి మీద కుదుపులకూ, నలుగురు మోసి దించే అదురుకూ సొట్ట పడకుండా కాపాడేది ఆ బిగువే. చేపపొలుసులవలె మెరిసే ఆ మచ్చలు అందం కోసం పెట్టినవి కావు. నేడు దుకాణాలలో యంత్రం మీద అచ్చు ఒత్తి, అవే మచ్చలు వేసి, చేతిపని అని అమ్ముతున్న చెంబులు చూస్తే నవ్వు వస్తుంది.

ఇంతచేసినా రాగి దేగ్ వంటకు పనికిరాదు. చింతపండు, నిమ్మరసం, పెరుగు తగిలితే రాగి విడిచి కూరలో కలుస్తుంది. తిన్నవారికి వికారం, వాంతులు. మన బగారా బైంగన్‌కూ, ఖట్టీ దాల్‌కూ చింతపండు లేనిదే గడవదు గదా! అందుకే కళాయి. పనివాడు వీధిలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి బిగించి, బొగ్గులు రాజేసేవాడు. పెద్ద పాత్ర అయితే ఇసుక వేసి తానే అందులో నిలబడి, అంచు పట్టుకుని పాదాలతో అటూ ఇటూ తిరుగుతూ తోమేవాడు. పిల్లలకు అదొక తమాషా. లోపల తళతళలాడిన తరవాత నిప్పుమీద పెట్టి, నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం కడ్డీని ఆనించి, కరిగినదాన్ని దూదితో లోపలంతా పూసేవాడు. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడుకే కరుగుతుంది. రాగి కరగాలంటే 1,085 కావాలి. ఈ తేడా మీదనే కళాయి విద్య అంతా నిలిచి ఉన్నది. ఖాళీ దేగ్‌ను పొయ్యిమీద మరచిపోతే కళాయి ముద్దలు కట్టి కారిపోయేది కూడా అందువల్లనే.

ఈ పని ఎంత ముఖ్యమని పాదుషాలు భావించారో ఆయినె అక్బరీలో ఉన్నది. అబుల్ ఫజల్ వ్రాసిన ప్రకారం, అక్బరు వంటకు వాడే రాగి పాత్రలకు నెలకు రెండుసార్లు, షహజాదాల పాత్రలకు ఒకసారి కళాయి వేసేవారు. పాడైనవాటిని పనివాళ్ళకిచ్చి కొత్తవి చేయించేవారు. అజ్మీరు దరగాకు పెద్ద దేగ్‌ను సమర్పించినది అక్బరే, 1568లో; చిన్నదాన్ని జహంగీరు 1614 ప్రాంతంలో ఇచ్చాడు. అక్కడ వండేది మాంసం కాదు, తీపి అన్నం. ఏ మతంవారైనా చేయి చాపి తీసుకోవచ్చు. పదిమంది కోసం దేగ్ ఇవ్వడం పుణ్యమనే ఆనవాయితీ అలా పాదుషాల నుంచి చిన్న బస్తీల దాకా పాకింది.

మన తెలుగు ప్రాంతంలో ఈ పాత్ర వెనుక రెండు రకాల చేతులున్నాయి. రాగి, ఇత్తడి సాగగొట్టడం ఎక్కువగా కంచరులది. విశ్వబ్రాహ్మణుల అయిదు వృత్తులలో అదొకటి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరచి బొమ్మలు తేల్చే పనివారూ ఆ సంప్రదాయం వారే. కళాయి వేసేది మాత్రం చాలా ఊళ్ళలో మన సాయిబులే. ఒకరు చేసిన పాత్ర ఇంకొకరి చేయి పడకపోతే పొయ్యి ఎక్కదు. దీన్ని గొప్ప సమైక్యత అని ఉపన్యాసాలలో చెప్పనక్కరలేదు. ఆ రోజులలో అది కూలి దగ్గర కుదిరిన ఒప్పందం, అంతే. కాని ఆ ఒప్పందం చాలా కాలం నిలిచింది.

దాన్ని దెబ్బతీసినది ఏ శత్రువూ కాదు. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే దొర అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. పడిపోతున్న చేతిపనివారికి కొత్త లోహం అందిద్దామన్నది ఆయన ఉద్దేశం. కొన్నేళ్ళకే ఆ పని కంపెనీ చేతికి వెళ్ళింది, తరవాత యంత్రాల చేతికి. అల్యూమినియం తేలిక, చవక, కళాయి అక్కరలేదు. ఆ వెనుక స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. 1981లో సేలం ఉక్కు కర్మాగారం పని మొదలుపెట్టే నాటికే పెళ్ళి సారెలో స్టీలు బిందె లేకపోతే చిన్నతనంగా ఉండేది. ఇంటింటా ఇత్తడి సామాను వేసి స్టీలు సామాను తెచ్చుకున్నారు. ఆడవాళ్ళకు తోమే చాకిరీ తగ్గింది, దాన్ని తప్పుపట్టే హక్కు తోమని మగవాళ్ళకు లేదు. పంజాబులోని జండియాలా గురు ఠఠేరాల పాత్రల పనిని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కళాయి సాయిబులను ఏ జాబితాలోనూ చేర్చలేదు.

ఇక్కడ మనం ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1232లో మోసుల్ నగరంలో ఇత్తడి రేకును సాగగొట్టి వెండి పొదిగిన ఒక కూజా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దానిమీద చేసినవాడి పేరున్నది: షుజా ఇబ్న్ మనా. మన దేగ్‌ల మీద పనివాడి పేరు ఉండదు. ఇచ్చినవారి పేరు ఉంటుంది. అంచు మీద సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా, కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో. ఫలానావారి భార్య, ఫలానా మసీదుకు, ఫలానా హిజ్రీ సంవత్సరం అని. మన బస్తీలలో ముందటి తరాల బీదలకు, ముఖ్యంగా ఆడవారికి, కాగితం మీద చరిత్ర లేదు. జమాబందీలో పేరు లేనివారి పేరు కూడా దేగ్ అంచు మీద దొరుకుతుంది.

ఇప్పుడు ఆ దేగ్‌లు మసీదు కొట్లలో, జమాతు గదులలో చిలుము పట్టి పడి ఉన్నాయి. రాగి ధర పెరిగినప్పుడల్లా అమ్మేద్దామన్న మాట వస్తుంది. డబ్బు అవసరమైతే అమ్మక తప్పకపోవచ్చు. ఆ డబ్బుతో ఒక పిల్లవాడి ఫీజు కట్టినా మంచిదే. కాని కాటాకు ఎక్కించే ముందు అంచును చింతపండుతో తోమి, పేరూ ఊరూ సంవత్సరమూ ఉన్నదున్నట్టు రిజిస్టరులో ఎక్కించాలి, ఫోటో తీయించాలి, తూకం వ్రాయాలి. రెండు దేగ్‌లయినా అమ్మకుండా ఉంచి కళాయి వేయించాలి. వేయించేటప్పుడు తగరంలో సీసం కలిపారేమో చూసుకోవాలి, సీసం విషం. కడ్డీని తెల్ల కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడితే సీసం ఉన్నట్టే. మంచి తగరమైతే చెవి దగ్గర పెట్టి వంచినప్పుడు కరకరమని చప్పుడు చేస్తుంది. తగరం చాలా ఖరీదైనది గనుక పనివాడు అడిగే కూలి ఎక్కువగా తోస్తుంది. బేరం చేసేవారు ఆ నవాసారం పొగలో ఒక్క పూట నిలబడి, తరవాత బేరం చేయవచ్చు.