ఒక్క మంటతో ఇల్లంతా వెచ్చగా

మన ఇళ్లలో కాచుకునేది నీళ్లనే, గదిని కాదు. మా హోసూరులో డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మంచు పడితే స్వెట్టరు తొడుక్కుంటాం, తలకు మఫ్లరు చుట్టుకుంటాం, అంతటితో సరి. కానీ చలి దేశాల్లో అలా కుదరదు, ఇల్లే కాచుకోవాలి. గదికో పొయ్యి పెట్టకుండా, ఒక్కచోట మంట పెట్టి ఆ వేడిని ఇల్లంతా పంపించే ఏర్పాటునే సెంట్రల్ హీటింగ్ అంటారు.

“ఇంట్లో వాడే ఒక వస్తువు చరిత్ర రాయండి” అని మా సోషల్ మాస్టారు చెప్పినప్పుడు మా తరగతిలో చాలామంది తిరగలి, రోలు, లాంతరు తీసుకున్నారు. నేను దీన్ని తీసుకోవడానికి కారణం మా మామ. ఆయన ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో ఉంటాడు. పోయిన చలికాలంలో వాళ్లింట్లో ఇది సరిగ్గా పనిచేయక, మెకానిక్కు ఇచ్చే డబ్బు ఎందుకు దండగ అని ఆయనే పానా పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్లో ఆయన మా అమ్మకు చెప్పిన ఒక్కో తిప్పలకీ వెనకాల ఒక చరిత్ర ఉందని తర్వాత చదివితే తెలిసింది.

ఈ ఆలోచన రోమన్లకు దాదాపు రెండువేల ఏళ్ల కిందటే వచ్చింది. గది నేలను పొట్టి ఇటుక స్తంభాల మీద ఎత్తి కట్టేవాళ్లు. పక్కన కొలిమిలో కట్టెలు మండిస్తే వేడిగాలి ఆ నేల కిందకీ, గోడల్లో పెట్టిన బోలు పెంకుల్లోకీ పోయేది. విట్రూవియస్ అనే ఆయన స్నానశాలల గురించి రాస్తూ దీన్ని వర్ణించాడు. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఆ పొట్టి స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. రోమన్ల పాలన పోయాక ఈ విద్య అక్కడ మూలపడింది. జనం మళ్లీ మంట చుట్టూ కూర్చోవడమే.

తర్వాత గాలికి బదులు నీళ్లు వచ్చాయి. 1831లో ఇంగ్లండులో ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ అనే ఇంజినీరు మూసేసిన పైపుల్లో వేడినీళ్లు తిప్పే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1850ల్లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లీ రేడియేటరు తయారుచేశాడు. రేడియేటరంటే గోడకు ఆనించి పెట్టే బోలు ఇనుప పెట్టె. లోపల వేడినీళ్లు తిరుగుతుంటే గది వెచ్చబడుతుంది.

పాత ఇళ్లలో ఆ నీళ్లను తిప్పడానికి పంపు ఉండేది కాదు. కాగిన నీళ్లు తేలికై పైకి పోతాయి, చల్లారినవి బరువై కిందికి దిగుతాయి. అందుకే బాయిలరు కింద, రేడియేటర్లు పైన. పైపులు మాత్రం లావుగా ఉండాలి. ఇదేదో దూరదేశపు వింత అనుకోకండి. మా మిద్దె మీద సోలార్ హీటరులో జరిగేది సరిగ్గా ఇదే. ట్యాంకు ఎత్తులో, ప్యానెలు దానికి కింద ఎందుకుంటాయో నాకు ఇది చదివాకే అర్థమైంది. పైపులో గాలి చేరిందంటే వేడినీళ్లు రావు. అప్పుడు మా నాన్న “ఎయిర్ పట్టుకునింది” అంటూ నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కుతాడు.

బ్రిటన్‌లో మామూలు జనం ఇళ్లకు ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. 1952 డిసెంబరులో బొగ్గు పొగ, మంచు కలిసి లండన్‌ను కమ్మేసి వేలమంది చనిపోయారు. 1956లో గాలి శుభ్రత కోసం చట్టం తెచ్చి, పట్టణాల్లో పొగ వచ్చే బొగ్గు మంటలను తగ్గించారు. 1965లో ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికింది. 1967 నుంచి 1977 దాకా ఇంటింటికీ వెళ్లి పొయ్యిలనూ హీటర్లనూ కొత్త గ్యాసుకు తగ్గట్టు మార్చారు. కరెంటు పంపు వచ్చింది కాబట్టి లావు పైపులు అక్కర్లేదు, సన్న రాగి పైపులు చాలు. అవి వంచడం, అతకడం సులువు. దాంతో చాలామంది ఇంటి యజమానులు తామే పైపులు వేసుకోవడం మొదలుపెట్టారు.

అలా మొదలైన అలవాటే మా మామ దాకా వచ్చింది. మొదట వాళ్ల రేడియేటరు పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంది. అంటే లోపల గాలి చేరింది. పంపు ఆపి, పైమూల ఉన్న చిన్న వాల్వును తాళంచెవిలాంటి దానితో కాస్త తిప్పితే బుస్సుమని గాలి పోయి, నీటి చుక్కలు రాగానే బిగించేశాడు. గాలి పోయేసరికి బాయిలరు మీది ముల్లు 1 బార్ కంటే కిందికి దిగింది. నీళ్లు నింపే గొట్టం తిప్పి 1కీ 1.5కీ మధ్యకు తెచ్చాడు. హాల్లో ఉన్న ఇంకోటి దీనికి తిరగబడి ఉంది: పైన వేడి, కింద చల్లన. ఏళ్ల తరబడి ఇనుము, నీళ్లు కలిసి అడుగున నల్లటి బురద పేరుకుంటుందట. దాన్ని విప్పి దొడ్లోకి మోసుకెళ్లి కడిగితే సిరాలాంటి నీళ్లు పారాయని చెప్పి నవ్వాడు. మా సోలార్‌లో బోరునీళ్ల ఉప్పు పేరుకుంటుంది, వాళ్లకు తుప్పు, అంతే తేడా.

ఆ తర్వాత బాయిలర్లో మంట ఆరిపోతూ వచ్చింది. బయట గోడకున్న ప్లాస్టిక్ పైపులో నీళ్లు గడ్డకట్టాయేమోనని గోరువెచ్చని నీళ్లు పోసి చూశాడు. ఫలితం లేదు. ఇక మూత విప్పుదామని కూర్చుంటే మా అత్త ఒప్పుకోలేదు. మా అమ్మ కూడా ఫోన్లో “దాని జోలికి పోవద్దురా” అని కేకలేసింది. చివరికి రిజిస్టరైన మెకానిక్కునే పిలిచారు.

ఈ రిజిస్టరుకూ ఒక చరిత్ర ఉంది. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే కొత్త 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో ఒకావిడ తెల్లవారుజామున టీ కోసం స్టవ్ వెలిగించింది. లీకైన గ్యాసు పేలి ఆ భవనం ఒక మూల పైనుంచి కిందిదాకా కూలిపోయింది. నలుగురు చనిపోయారు. గోడల అతుకులు బలహీనంగా ఉన్నాయి, అది నిజమే. కానీ గ్యాసు లీకైంది ఒక నాసిరకం ఇత్తడి నట్టు దగ్గర. ఆ తర్వాత 1970లో గ్యాసు పనివాళ్ల పేర్లు నమోదుచేసే సంస్థ పుట్టింది. కూలికి గ్యాసు పని చేసేవాళ్లు నమోదై తీరాలని 1991లో నిబంధన వచ్చింది. 2009 నుంచి దాన్ని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అంటున్నారు. నీళ్ల వైపు పని ఇంటివాళ్లు చేసుకోవచ్చు, మంట వైపు పనికి మాత్రం నేర్చినవాళ్లు కావాలి. ఈ గీత పుస్తకంలోంచి రాలేదు, పోయిన ప్రాణాల వల్ల వచ్చింది.

మంటతో పేలుడు ఒక్కటే భయం కాదు. కొరియాలో నేలకింద పొగ పోనిచ్చి గదిని వెచ్చబెట్టే ఓండోల్ పద్ధతి చాలా పాతది. యుద్ధం తర్వాత అక్కడ కట్టెలకు బదులు బొగ్గు ఇటుకలు వాడారు. నేలలో సన్నటి బీట ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వచ్చేది. దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రి పడుకున్నవాళ్లు పొద్దున లేవలేదు. ఏటా చలికాలంలో అలా ఎందరో చనిపోయేవాళ్లు. తర్వాత నేలకింద పొగకు బదులు వేడినీళ్ల పైపులు వేశారు.

ఈ వాయువు కొరియాకే పరిమితం కాదు. మన వైపు స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు పెట్టి, చలి అని కిటికీ మూసేస్తారు. మంటకు గాలి చాలకపోతే అక్కడా పుట్టేది అదే. మా పెద్దమ్మ వాళ్ల గీజరు లోపలే ఉండేది. నేను ఈ వ్యాసం చదివి వినిపించాక పెదనాన్న దాన్ని బయటి గోడకు మార్పించాడు. పైపు ఆరడుగులు ఎక్కువ పట్టింది, నీళ్లు వేడిగా రావడానికి కాస్త ఆలస్యమవుతోందని పెద్దమ్మ ఇప్పటికీ గొణుగుతూనే ఉంది.