తుక్కు ఇనుముతో తుప్పల మీదికి

పోప్లార్ చెట్టును నరికి ఊపిరి పీల్చుకున్న కెనడా రైతుకు మరుసటి వేసవిలో అదే చోట ఓ చిన్న వనం కనిపిస్తుంది. అక్కడి పశ్చిమ మైదానాల్లో జనం పోప్లార్ అనేది ఎక్కువగా ఆస్పెన్‌నే. దాని వేళ్లు పైపొరలోనే పక్కలకు పాకుతాయి. మాను పడితే చాలు, ఆ వేళ్లలోంచి పదుల కొద్దీ పిలకలు లేస్తాయి. సర్కారు తుమ్మతో వేగినవాళ్లకు ఈ మొండితనం గురించి వేరే చెప్పక్కర్లేదు. మానిటోబా, సస్కాచవాన్, ఆల్బర్టాల్లో దక్షిణాన గడ్డి మైదానానికీ ఉత్తరాన అడవికీ నడుమ ఉన్న పొడవాటి పట్టీ ఈ ఆస్పెన్, విల్లో తుప్పలదే. పాత కారు భాగాలతో తుప్పలు కోసే యంత్రాన్ని షెడ్డులోనే చేసుకునే అలవాటు అక్కడ పుట్టడంలో కంపెనీల పాత్ర ఎంతో, ఈ చెట్టు పాత్రా అంతే.

ఒకప్పుడు తుప్పలను అదుపులో పెట్టినవి రెండు: నిప్పు, బైసన్ మందలు. మెరుపులకు అంటుకున్న మంటలకు తోడు, అక్కడి ఆదివాసులు లేత గడ్డి కోసం, వేట కోసం తామే మైదానాన్ని తగలబెట్టేవారు. 1880ల నాటికి బైసన్ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1876లో ఆ నేలల విషయమై క్రీ తదితర జాతులతో ప్రభుత్వం ఆరో ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత వచ్చిన వలస రైతులు ఇళ్లకూ గడ్డివాములకూ భయపడి మంటలు ఆర్పడం మొదలుపెట్టారు. దాంతో ఆస్పెన్‌కు అడ్డు లేకుండా పోయింది. సేద్యం కోసం వచ్చినవాళ్లే తమ శత్రువుకు దారి తెరిచారన్నమాట.

ఆ వలసకు పునాది 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం. పది డాలర్ల రుసుము కడితే 160 ఎకరాలు. మూడేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, కొంత నేల సాగులోకి తెస్తేనే పట్టా. పది డాలర్లంటే చవకే, కానీ అసలు ధర గొడ్డలి పట్టినవాడి నడుము చెల్లించింది. 1891లో ఇవాన్ పిలిపివ్, వాసిల్ ఎలెనియాక్ వెళ్లి చూసొచ్చాక గలీసియా నుంచి ఉక్రెయిన్ రైతులు వేలాదిగా తరలివచ్చారు. వాళ్లలో చాలామంది చెట్లున్న భూమినే కోరి ఎంచుకున్నారు. సొంత ఊళ్లలో అడవి జమీందారుది, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా డబ్బు పెట్టాల్సిందే. అలాంటివాళ్లకు ఎడ్మంటన్‌కు తూర్పున ఇంటికీ పొయ్యికీ సరిపడా కలప ఉన్న నేల కనిపిస్తే ఎలా వదులుతారు? ఆ తర్వాత ఏళ్ల తరబడి గొడ్డలితో నరకడం, మోళ్ల చుట్టూ తవ్వడం, ఎడ్లనో గుర్రాలనో కట్టి వేళ్లతో సహా లాగడం.

యంత్రాలు మెల్లగా వచ్చాయి. ట్రాక్టరు వెనక లాగే భారీ ఒంటి నాగలి విల్లో పొదలను నరక్కుండానే తిరగేసి మట్టిలో పూడ్చేసేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బుల్డోజర్లు దిగాయి. నేల గడ్డకట్టిన చలికాలంలో చెట్లను మొదలంటా విరిచి, వరసలుగా కుప్పలు పోసి కాల్చేవారు. పెద్ద పని అలా తీరింది. మిగిలింది చిన్న పని, ఏటేటా తిరిగొచ్చేది: కంచె వెంబడి, కాలువ గట్ల మీద, పశువుల బీళ్లలో లేచే పిలకలు. దీనికి బుల్డోజర్ తెస్తే డబ్బు దండగ. గొడ్డలి పడితే వేసవి చాలదు.

కావాల్సిన శక్తి ట్రాక్టరులోనే ఉంది. ఇంజను తిప్పుడును వెనకున్న పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టును ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1918లోనే అమ్మకానికి తెచ్చింది. దానికి తగిలించే తిరుగుడు కత్తి 1951లో అమెరికాలోని అలబామాలో బుష్ హాగ్ పేరుతో వచ్చింది. కానీ కెనడా రైతు దుకాణానికి వెళ్లే ముందు జేబు తడుముకునేవాడు. యంత్రాల ధరల మీద గోల ఎంత పెరిగిందంటే, 1966లో ప్రభుత్వం ఆర్థికవేత్త క్లారెన్స్ బార్బర్‌తో రాయల్ కమిషన్ వేసింది. బ్రిటన్‌లో కంటే కెనడాలో ట్రాక్టర్ ధర బాగా ఎక్కువని అది తేల్చింది. కొందరైతే అట్లాంటిక్ దాటించి మరీ ట్రాక్టర్లు తెప్పించుకున్నారు. ఏడాదిలో కొద్ది రోజులే వాడే తుప్పల కోత యంత్రానికి అలాంటి రైతు కొత్త నోట్లు లెక్కపెడతాడా? షెడ్డు వెనక పడి ఉన్న పాత కారు వైపే అతని చూపు పోతుంది.

ఆ కారులో అతనికి కావాల్సింది వెనక యాక్సిల్. దాన్ని నిట్టనిలువుగా నిలబెడితే ఒక చక్రం షాఫ్టు నేలను చూస్తుంది, రెండోది ఆకాశాన్ని. కింది షాఫ్టుకు పాత డిస్క్ హారో పళ్లెం బిగించి, దాని అంచులకు రెండు కత్తులు బోల్టులతో వేలాడదీస్తారు. కత్తులు వదులుగా ఉండాలి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుపోతాయి. పళ్లెం గుండ్రటి అడుగు మోళ్ల మీదుగా జారిపోతుంది.

చిక్కంతా వేగంలో ఉంది. కారు యాక్సిల్ పని వేగం తగ్గించడం. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే, నాలుగుకు ఒకటి పళ్ల లెక్కలో కత్తికి అందేవి 135 చుట్లే. అది తుప్పను కోయదు, పీకి నలుపుతుంది. పై షాఫ్టును కదలకుండా బిగిస్తే యాక్సిల్ నడుమ ఉండే డిఫరెన్షియల్ ధర్మం కొద్దీ కింది షాఫ్టు రెట్టింపు తిరుగుతుంది, 270. అదీ చాలదు. అందుకే చాలామంది పాత ఇంజనునే చట్రం మీద కూర్చోబెట్టి, మొత్తాన్ని ట్రాలీలా వెనక లాగుతారు. ఇంజను 2,000 చుట్ల మీద నడిస్తే కత్తికి 1,000 దక్కుతాయి. ఐదడుగుల వృత్తంలో తిరిగే కత్తి కొస అప్పుడు గంటకు 285 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఈ ఉపాయానికి మూల్యం కూడా ఉంది. డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలు కారు మలుపు తిరిగే కాసేపటి పనికి చేసినవి, గంటల తరబడి తిప్పితే కాగి అరిగిపోతాయి. నిలువునా నిలబెట్టిన గొట్టంలో ఆయిలంతా కిందికి దిగి సీలు దగ్గర కారుతుంది. ఇక కత్తి ముక్క విరిగి ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. చుట్టూ రేకు కట్టి గొలుసులు వేలాడదీయకుండా దీన్ని నడపడం తెగువ కాదు, తెలివితక్కువతనం.

ఇలాంటి షెడ్డు పనిని కెనడాలో ఎవరూ చిన్నచూపు చూడరు. 1922లో క్వెబెక్‌లోని వాల్కోర్ట్‌లో పదిహేనేళ్ల జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ ఫోర్డ్ మోడల్ టీ ఇంజనుకు ఫ్యాను రెక్క తగిలించి మంచు బండి నడిపాడు. 1959లో స్కీ-డూ మంచు బండిని తెచ్చింది అతనే. 1930ల మాంద్యంలో పెట్రోలుకు డబ్బుల్లేక జనం కార్లలోంచి ఇంజన్లు పీకేసి గుర్రాలు కట్టారు. ప్రధాని ఆర్.బి. బెన్నెట్ మీద కోపంతో వాటికి బెన్నెట్ బగ్గీలని పేరుపెట్టారు. అదే దశకంలో ఆల్బర్టా రైతు చార్లెస్ నోబుల్, పైనున్న పంట మోళ్లను కదపకుండా నేల లోపలే కలుపు వేళ్లను కోసే వెడల్పాటి కత్తిని తయారుచేశాడు. సస్కాచవాన్‌లో వెయ్యి మంది కూడా లేని ఎంగిల్‌ఫెల్డ్ ఊళ్లోని షుల్టే కంపెనీ, రాళ్లు ఏరే యంత్రాలతో పాటు ట్రాక్టరు వెనక లాగే పెద్ద తిరుగుడు కోత యంత్రాలనూ ఇప్పటికీ తయారుచేస్తోంది.

కొన్న యంత్రాలన్నీ బాగుంటాయన్న నమ్మకమూ రైతులకు లేదు. ఆ ఫిర్యాదుల ఒత్తిడి మీదే 1975లో మూడు మైదాన ప్రావిన్సులూ కలిసి యంత్రాలను పరీక్షించే ప్రెయిరీ అగ్రికల్చరల్ మెషినరీ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టాయి. సస్కాచవాన్‌లో దాని కేంద్రం హంబోల్ట్, ఎంగిల్‌ఫెల్డ్ ఉన్న ప్రాంతంలోనే. షెడ్డులో పుట్టిన యంత్రానికి మాత్రం అలాంటి పరీక్ష ఉండదు. సేద్యం మానేసిన రైతు సామాను వేలానికి వచ్చినప్పుడు, కొనేవాడే దాని కిందికి దూరి వెల్డింగ్ పట్టు, కత్తి బోల్టుల అరుగుదల చూసుకోవాలి.