అల్బేనియా: పట్టణాలు, ప్రాంతాలు, మత వారసత్వం

పరిచయం

ఐరోపా పటంలో ఇటలీకి తూర్పున, ఆడ్రియాటిక్ సముద్రపు ఆవలి తీరాన అల్బేనియా మీకు కనిపిస్తుంది. దీని విస్తీర్ణం 28,748 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న దేశంలో సున్నీ ముస్లింలు, బెక్తాషీ సూఫీలు, ఆర్థడాక్స్ క్రైస్తవులు, కాథలిక్కులు శతాబ్దాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. అయితే 1967లో ఇక్కడి ప్రభుత్వం మతాలన్నింటినీ నిషేధించింది. ఆ తరువాత కూడా మత వారసత్వం ఎలా నిలిచింది? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

ప్రాంతాలు

దేశం మధ్యగా పారే ష్కుంబిన్ నది స్థూలంగా భాషా సరిహద్దు. నదికి ఉత్తరాన ఘెగ్ మాండలికం, దక్షిణాన టోస్క్ మాండలికం మాట్లాడతారు. ఉత్తరాన ఉన్న క్రైస్తవులపై రోమ్, వెనిస్‌ల ప్రభావం, దక్షిణాన ఉన్నవారిపై కాన్‌స్టాంటినోపుల్ ప్రభావం ఎక్కువ. అందుకే ఉత్తరాన కాథలిక్కులు, దక్షిణాన ఆర్థడాక్స్ వారు అధికం.

15వ శతాబ్దంలో క్రుయ కోట కేంద్రంగా స్కందర్‌బెగ్ ఉస్మానియా తుర్కులను ఎదిరించాడు. 1468లో ఆయన మరణించాక 1478లో క్రుయ, 1479లో ష్కోడర్ తుర్కుల వశమయ్యాయి. ఆ తరువాత ఇస్లాం క్రమక్రమంగా వ్యాపించింది. ముస్లిమేతరులపై విధించిన పన్నుల భారం, ప్రభుత్వ కొలువుల ఆకర్షణ ఇందుకు ముఖ్య కారణాలు. ఈ మార్పును కేవలం కత్తితో వచ్చినదిగా మీరు భావించరాదు.

పట్టణాలు

బెరాట్‌లో ఓసుమ్ నదికి ఒక ఒడ్డున ముస్లింల మంగలెమ్ పేట, ఎదుటి ఒడ్డున క్రైస్తవుల గొరిత్సా పేట ఉన్నాయి. కొండమీది కోటలో చర్చీలతో పాటు మసీదు శిథిలాలూ ఉన్నాయి. అక్కడి మ్యూజియంలో 16వ శతాబ్దపు చిత్రకారుడు ఒనుఫ్రీ వేసిన పవిత్ర చిత్రాలను భద్రపరిచారు. రాతి పలకల పైకప్పులకు పేరొందిన జిరోకాస్తర్ 2005లో, బెరాట్ 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. టర్కీ 1925లో సూఫీ సంఘాలను నిషేధించడంతో బెక్తాషీల ప్రపంచ కేంద్రం రాజధాని టిరానాకు తరలివచ్చింది.

నిషేధ కాలం

1967లో ఎన్వర్ హోజా ప్రభుత్వం చర్చీలు, మసీదులు, మఠాలను మూసివేసింది. అనేకం కూల్చివేతకు గురయ్యాయి. మరికొన్ని గిడ్డంగులుగా మారాయి. ష్కోడర్‌లోని కాథలిక్ ప్రధాన చర్చి క్రీడామందిరమైంది. ఒక శిశువుకు బాప్తిస్మం ఇచ్చినందుకు శ్టెఫెన్ కుర్తి అనే మతగురువుకు 1971లో మరణశిక్ష అమలు చేశారు. 1976 రాజ్యాంగం ఏ మతాన్నీ గుర్తించబోమని ప్రకటించింది.

ఈ కాలంతో భారతదేశానికి ఒక సంబంధం ఉంది. కలకత్తాలో సేవ చేసిన మదర్ థెరీసా 1910లో స్కోప్యేలో ఒక అల్బేనియన్ కుటుంబంలో జన్మించారు. ఆమె తల్లి, సోదరి టిరానాలో ఉండేవారు. తల్లి 1972లో మరణించే వరకూ ఆమెను చూడడానికి థెరీసాకు అనుమతి దొరకలేదు. 1989లో దేశంలో అడుగుపెట్టాక ఆమె చూడగలిగింది తల్లి సమాధినే.

పునరుద్ధరణ

1990 నవంబరులో ష్కోడర్ ప్రజలు మొదట శ్మశానంలోని ప్రార్థనాస్థలంలో బహిరంగంగా కాథలిక్ ఆరాధన జరిపారు. కొద్దిరోజులకే అక్కడి సీసపు మసీదులో నమాజు జరిగింది. రెండు మతాలవారూ ఒకరి ప్రార్థనకు మరొకరు హాజరయ్యారు.

ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొన్ని కట్టడాలు నిలవడానికి కారణం ప్రభుత్వం వాటిని 'సాంస్కృతిక స్మారకాలు'గా నమోదు చేయడమే. ఆ రికార్డు గోడలను కాపాడిందే గాని వాటిలోని ఆరాధనను కాపాడలేదు. ఆరాధనను కాపాడినవారు తలుపులు మూసుకొని పండుగ జరుపుకొన్న కుటుంబాలవారు. వారసత్వం అంటే కట్టడాల జాబితా మాత్రమే కాదని అల్బేనియా చరిత్ర మనకు చెబుతుంది. దానిని వాడుకొనే మనుషులు కూడా అందులో భాగమే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఒక కట్టడాన్ని స్మారకంగా రక్షించడానికీ, దానిలోని ఆరాధనా స్వేచ్ఛను రక్షించడానికీ గల భేదాన్ని బెరాట్, ష్కోడర్ ఉదాహరణలతో వివరించండి.