ఫణిగిరి – ఎఱుక



నల్లగొండ, పాలమూరు సీమలనగానే ఱాతిగుట్టలు, జొన్నచేలు, వానకై యెదురుచూచు చెఱువులు మనకు స్ఫురించును. ఇట్టి గుట్టలపైననే యొకప్పుడు మనస్సును కాచుకొను విద్య యభ్యసింపబడినదని అనేకు లెఱుగరు.

సూర్యాపేట ప్రాంతమున ఫణిగిరి యను గ్రామము కలదు. 2016 వఱకు అది నల్లగొండ జిల్లాలోనిది. కొండ పాముపడగను బోలియుండుటచే ఆ పేరు వచ్చినదందురు. నైజాము కాలమున, 1941–44 సంవత్సరములలో, అచ్చట త్రవ్వకములు జరిగినవి. 2001 నుండి మరల సాగిన త్రవ్వకములలో మహాస్తూపము, చైత్యగృహములు, స్తంభమంటపము, భిక్షువుల గదుల వరుసలు, బుద్ధచరిత్రను చెక్కిన సున్నపుఱాతి తోరణము బయల్పడినవి. శాతవాహనుల నాటినుండి ఇక్ష్వాకుల నాటివఱకు ఈ విహారము వర్ధిల్లినది.

ఆ చిన్నగదులలోనివారి సాధన యెట్టిది? పాలి వాఙ్మయమున సతిపట్ఠాన సుత్తము దానిని విశదపఱచుచున్నది. శాఖ యేదైనను ఈ సాధన బౌద్ధుల కందఱకును ఉమ్మడిసొత్తు. నడచునపుడు నడచుచున్నాననియు, కూర్చుండునపుడు కూర్చుంటిననియు ఎఱుగవలెను. భుజించుట, వస్త్రము ధరించుట, మాటాడుట, మౌనముగా నుండుట, అన్నింటను మెలకువ యుండవలెను. కోపము పుట్టినచో పుట్టినదని గుర్తింపవలెను. దానిని దాచరాదు, దానివెంట పోరాదు. సతి యనగా సంస్కృతమున స్మృతి. మావంటి పండితులకు స్మృతి యనగా ధర్మశాస్త్రము, లేదా జ్ఞాపకము. ఇచ్చట మాత్రము చేయుచున్న పనిని మఱవకుండుటయే స్మృతి. మన తెలుగున దీనిని ఎఱుక యనవచ్చును.

ఈ సాధకులు లోకమునకు దూరస్థులు కారు. 2024 మార్చిలో ఈ కొండపైననే యొక కుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనావత్సరమున రాజవైద్యులలో అగ్రగణ్యు డొకడు ఇచ్చట ధర్మచక్రస్తంభమును నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. దేహమునకు మందిచ్చువాడు మనస్సునకు మందు చూపినవానిని గౌరవించుట యెంత సముచితము!

ఎఱుకగల చోట మనస్సు తలుపులు మూసికొనదు. ఆ రాజవంశమునే చూడుడు. విజయపురి నేలిన శాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసెను. అతని సోదరి శాంతిశ్రీ అతని కుమారుని 6వ పాలనావత్సరమున నాగార్జునకొండ మహాచైత్యమునకు దానము లొసంగెను. బోధిశ్రీ యను ఉపాసిక సింహళదేశపు ఆచార్యులకై చైత్యగృహమును కట్టించెను. ఒకే యింట రెండు మార్గములు, ఒకే యూర పలుదేశముల వారు!

నేను ముప్పదియేండ్లకు పైగా బాలురకు అమరము వల్లె వేయించితిని. దాని స్వర్గవర్గమున బ్రహ్మ, విష్ణువుల నామములకంటె ముందుగా బుద్ధుని నామములే యున్నవి. వైదికకుటుంబముల పిల్లలు వానిని తరతరములుగా చదివిరి. ఎవ్వరును ఆ శ్లోకములను తొలగింపలేదు. మన పూర్వుల హృదయవైశాల్యమునకు ఇంతకంటె వేఱు సాక్ష్యమేల?

కృష్ణాతీరమున ఏలేశ్వరము నాగార్జునసాగర జలములలో మునిగిపోయినది. అది పదిమంది పొలములకై చేసిన త్యాగము. కాని మిగిలిన ఱాళ్లు మన యేమఱుపాటుచే పోయినచో దానికి క్షమ లేదు. ఎఱుకను దూరదేశములనుండి వచ్చిన క్రొత్తవిద్యగా నేడు నేర్చుకొనువారు ఒక్కసారి ఫణిగిరి నెక్కవలెను. ఎక్కలేనివారు తమ యింటనే మొదలిడవచ్చును: అన్నము తినునపుడు అన్నముపైననే మనస్సుంచుట, ఎదుటివాని మాట ముగియువఱకు, బదులు వెదకుకొనక, ఓపికతో వినుట. ఈ రెండును ఈ రాత్రియే సాధ్యములు.