‘టక్కు’మను చప్పుడు: సెల్ఫు స్టార్టరు చరిత్ర



కారు తాళపుచెవి త్రిప్పినంతనే ఇంజను మేల్కొనవలెను. అట్లుగాక, లోపల నెక్కడనో ‘టక్కు’మని చప్పుడై పిదప నిశ్శబ్దమగుట మీలో పలువు రెఱిగినదే. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతముల డ్రైవర్లు దీనిని ‘సెల్ఫు పట్టుట లేదు’ అందురు. ఇంజనే చెడినదని తలచి బెంబేలుపడువారు గలరు. ఆ చప్పుడునకు నూఱేండ్లు దాటిన చరిత్ర కలదు. అది తెలిసినచో చప్పుడు చెప్పు మాటయు తెలియును.

తొలినాటి మోటారుబండ్లకు తాళపుచెవితో పని లేదు. బండి ముందర నిలిచి, ఇనుప హ్యాండిలును రంధ్రమున దూర్చి, బలముకొలది త్రిప్పవలసి యుండెను. ఇంజను ఎదురు తిరిగినచో ఆ హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విఱుగగొట్టెడిది. అందుచే బొటనవ్రేలిని హ్యాండిలు చుట్టు పోనీయక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి పట్టుకొనుమని పాత డ్రైవర్లు శిష్యులకు మొదటి పాఠముగా చెప్పెడివారు. మన అంబాసిడరు కార్లకు సైతము హ్యాండిలు దూర్చు వసతి చాలకాలము ఉండెను.

అమెరికాలో బైరన్ కార్టరు అను కార్ల నిర్మాత 1908లో మరణించెను. దారిలో నిలిచిపోయిన బండికి హ్యాండిలు త్రిప్పబోగా తగిలిన దెబ్బయే దానికి మూలమని చెప్పుదురు. ఆయన మిత్రుడును, కాడిలాక్ కంపెనీ పెద్దయు నగు హెన్రీ లీలాండు ఈ పీడ వదలింపదలచెను. ఆ పని చార్లెస్ కెటరింగు చేతిలో పడెను. కెటరింగు ఒహాయో రాష్ట్రపు రైతుబిడ్డ. కొంతకాలము బడిపంతులుగా నుండినవాడు. (ఈ సంగతి చెప్పునపుడు నావంటివానికి కొంచెము గర్వము కలుగుట సహజమే.) అంతకుముందు ఆయన అంగళ్లలో డబ్బు లెక్కించు యంత్రమునకు చిన్న విద్యుత్ మోటారు నమర్చి యుండెను. క్షణకాలము మాత్రమే పనిచేయు చిన్న మోటారు తన శక్తికి మించిన బరువు మోసినను కాలిపోదని ఆయన అచ్చటనే గ్రహించెను. ఆ యుక్తితో 1911లో స్టార్టరు సిద్ధమై, 1912 నాటి కాడిలాక్ కార్లలో చేరెను. ఇంజను తిరుగుచుండగా అదే యంత్రము విద్యుత్తు పుట్టించి బ్యాటరీని మరల నింపెడిది. మనుష్యుని భుజము మీది భారము ఆనాటినుండి బ్యాటరీ మీదికి మారెను.

ఇక చప్పుడు మాట. తాళము త్రిప్పగానే కొలది విద్యుత్తు సోలినాయిడు అను తీగచుట్టలోనికి పోవును. అది అయస్కాంతమై లోపలి ఇనుపకడ్డీని లాగును. ఆ కడ్డీ ఒక చిన్న పండ్లచక్రమును ఇంజను చక్రమునకు తగిలించి, స్టార్టరు మోటారునకు పెద్ద విద్యుత్తు పోవు దారి తెఱచును. ‘టక్కు’మనునది ఆ కడ్డీ కదలిన సవ్వడియే. దానికి కొంచెము విద్యుత్తు చాలును. మోటారునకో నూఱు, రెండువందల ఆంపియరులు కావలెను. టకటకమని వరుసగా మ్రోగినచో బ్యాటరీ నీరసించినదని యర్థము. ఒక్క గట్టి టక్కు మాత్రమే వినవచ్చినచో స్టార్టరునో, పట్టు వదలిన తీగెలనో అనుమానింపవలెను. ముందరి దీపములు వేసి తాళము త్రిప్పి చూడుడు. దీపములు గుడ్డివైనచో లోపము బ్యాటరీలోనో దాని కట్టులలోనో కలదు. తగ్గక వెలిగినచో స్టార్టరు వైపు చూడవలెను.

కొన్నేండ్ల క్రిందట చంద్రగిరి చెంత నొక పల్లెలో, నిండుచూలాలిని తిరుపతి ఆసుపత్రికి గొనిపోవుటకు అర్ధరాత్రి కారు తెచ్చిరి. నేనును అచ్చటనుంటిని. తాళము త్రిప్పగా టక్కుమనుటయే కాని ఇంజను కదలలేదు. మెకానిక్కును లేపుకొని రండని కొందఱు పరుగెత్తిరి. లారీలు నడపి విశ్రాంతి గొన్న వృద్ధుడొకడు బానెట్టు ఎత్తించి, దీపపు పరీక్ష చేసి, బ్యాటరీ కొమ్ము మీద తెల్లని పొక్కు పేరుకొనుట చూపెను. ముందుగా మైనసు కట్టు విప్పి, రెండింటిని గీకి, బిగించి కట్టెను. ఇంజను అందుకొనెను. తెల్లవారకమునుపే ఆడపిల్ల కలిగినట్లు వార్త వచ్చెను.

ఈ సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. సీసపు పలకలు, గంధకామ్లము దీని సామగ్రి. కారు బ్యాటరీలో ఆఱు గదులుండును. నిండుగా నున్నపుడు పండ్రెండున్నర వోల్టులకు కొంచెము పైగా చూపును. చిత్తూరు జిల్లా పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు గారు అమెరికాలో ఉద్యోగము చేసి వచ్చి 1985లో అమరరాజా సంస్థను నెలకొల్పిరి. రేణిగుంట చెంత కరకంబాడిలో మొదట పరిశ్రమలకు వలయు బ్యాటరీలు చేసి, 2000లో అమరాన్ పేర కారు బ్యాటరీలను విపణికి పంపిరి. వానకు ఎదురుచూచు సీమలో ఇది సామాన్యమైన సంగతి కాదని నా అభిప్రాయము. చలిదేశములలో బ్యాటరీకి మంచు శత్రువు; మనకో వేసవి ఎండ. ఆ వేడికి లోపలి పలకలు త్వరగా తినివేయబడును.

తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లో, రెండవది 1974లో ఏర్పడెను. సెల్ఫు పట్టనిచో దిగుడులో బండిని దొర్లించి స్టార్టు చేయవచ్చునని కొందఱు తలతురు. అది ప్రాణాంతకము. ఇంజను తిరుగనిచో నేటి కార్ల బ్రేకు, స్టీరింగు రెండును బిగుసుకొనును. ఆటోమేటిక్ గేరు బండ్లు తోసినను స్టార్టు కావు. చక్రములకు రాయి పెట్టి, వేఱొక కారు బ్యాటరీనుండి తీగెలు కలుపుకొనుడు. ప్లస్సును ప్లస్సుతో ముందుగా కలిపి, పిదప మంచి బ్యాటరీ మైనసునకు రెండవ తీగె తగిలించి, దాని చివరి కొసను చెడిన కారు ఇంజను ఇనుముపై, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును గనుక ఆ దరిదాపుల బీడీ వెలిగింపరాదు.