పింగాణీ పళ్ళాల లెక్క

పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రి వైద్యుడు షార్కో ఇంట్లో ఒక పనిమనిషి ఉండేదట. చేతులు వణికి పింగాణీ పళ్ళాలు పగలగొట్టేది. ఆయన ఆమెను పనిలోంచి తీసెయ్యకుండా గమనిస్తూ వచ్చాడనీ, ఆమె చనిపోయాక శవపరీక్షలో నాడీమండలంలో గట్టిపడిన మచ్చలు చూశాడనీ వైద్యచరిత్రల్లో చెబుతారు. 1868లో షార్కో స్పష్టంగా వర్ణించిన ఆ జబ్బునే మనం మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటున్నాం. పళ్ళాల వల్ల యజమానికెంత నష్టమొచ్చిందో ఆ కథలో ఉంటుంది. పని చెయ్యలేని రోజున ఆమె ఎలా బతికిందో ఉండదు.

అదే ఆసుపత్రి హిస్టీరియాకీ ప్రసిద్ధి. 1887లో బ్రూయే వేసిన చిత్రంలో, గదినిండా మగవాళ్ళు చూస్తుండగా షార్కో ఒక స్పృహ తప్పిన స్త్రీని చూపిస్తూ పాఠం చెబుతుంటాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయని, చూపు మసకబారిందని వచ్చిన ఎందరో ఆడవాళ్ళను ఆ తర్వాత చాలాకాలం హిస్టీరియా ఖాతాలోనే రాసేశారు. వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే లక్షణాలు కదా, నమ్మకపోవడం తేలిక. నిజానికి ఈ జబ్బు మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా ఇరవై నలభై ఏళ్ళ మధ్య, పెళ్ళీ కాన్పులూ ఉద్యోగాల వయసులో బయటపడుతుంది.

ఒంట్లో వేడి పెరిగితే చాలామందికి లక్షణాలు ముదురుతాయి. దీని ఆనవాలు 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు రాసిపెట్టాడు. అత్తిలి లాంటి డెల్టా ఊళ్ళో, కాలవలు కట్టేసిన మే నెలలో, పొయ్యి దగ్గర గంట నిలబడ్డ కోడలికి కాళ్ళు పట్టు తప్పితే ఏమంటారో వేరే చెప్పాలా? బద్ధకం అంటారు, లేదా గాలి సోకిందంటారు. నడుం వంచి నాట్లు వేసే మనిషికైతే ఆ పూట కూలి పోయినట్టే.

జబ్బు తేలాలంటే ఎమ్మారై కావాలి, న్యూరాలజిస్టు కావాలి. దాని కోసం ఏలూరో విజయవాడో వెళ్ళాలి, తోడు ఇంకొకరు రావాలి. రెండు కూలీలు పోతాయి. 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా మొదలుకొని వచ్చిన మందులు జబ్బును నయం చెయ్యవు. దాడుల్ని తగ్గిస్తాయి, అదీ ఏళ్ళ తరబడి వాడితే. తొందరగా మొదలుపెడితేనే ఎక్కువ మేలు.

మన చట్టం మాత్రం ఆలస్యంగా కళ్ళు తెరిచింది. 1995 చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఈ జబ్బు పేరు లేదు. 2016 చట్టం గుర్తించిన ఇరవై ఒకటిలో చేరింది. అయినా చాలా ప్రయోజనాలకు నలభై శాతం వైకల్యం ఉందని ధ్రువపత్రం తేవాలి. అలసటకి శాతం ఎలా కడతారు? బోర్డు ముందుకు వెళ్ళిన రోజున కాళ్ళు బాగానే నడిస్తే? 2024లో ఆంధ్రప్రదేశ్ వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానపడ్డవారికి 15,000 అన్నారు. మంచిదే. కానీ మందు పనిచేసే కాలం మంచాన పడకముందుది.

2016 చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ప్రస్తావన కూడా ఉంది, ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి. ఇళ్ళల్లో ఆ సంరక్షకులు అమ్మ, చెల్లెలు, బడి మానిపించిన పెద్దకూతురు. వాళ్ళు మాత్రం ఎవరి స్తోమతకూ లోబడకుండా చేస్తూనే ఉన్నారు.